నేల అంటు

సాయంత్రం పంపుల్లో నీళ్ళు రాగానే ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్ల వెనక సందులో బకెట్ల చప్పుడు పెరుగుతుంది, మాటల చప్పుడు తగ్గుతుంది. గట్టిగా కబుర్లాడుకుంటూ వచ్చేవాళ్ళు అన్నపూర్ణేశ్వరి గారి పెరటి గోడ దగ్గర నోరు మూసుకుని, గోడ దాటాక మళ్ళీ అందుకుంటారు. కూరగాయల బండివాడైతే అక్కడ బండే ఆపడు. పోయిన వేసవిలో ఆ గోడ పక్కన నిలబడి వాడు తనలో తాను గొణుక్కున్న "బాసీ" అన్న మాట మర్నాడంతా గోడ మీంచి వినపడింది. నిలవ సరుకని వాడే ఒప్పుకున్న వంకాయల్ని ఆ రోజు ఒక్కరూ కొనలేదు.

గోడ మీదున్నది రాధామనోహరం తీగ. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగుకి తిరిగి, ఆపైన ఎర్రబడటం ఏ రాధామనోహరానికైనా ఉన్నదే. ఈ తీగకి ఇంకొకటి కూడా ఉంది. మొగ్గ విచ్చుకునే క్షణంలో దగ్గర్లో ఏ మాట పడితే దాన్ని పట్టుకుంటుంది. పువ్వుకి ఒక్కటే మాట. గాలి తగిలినప్పుడల్లా దాన్నే, అన్నవాళ్ళ గొంతుతోనే అంటుంది. తెల్లగా ఉన్నప్పుడు స్పష్టంగా అంటుంది, గులాబీ అయ్యాక గొణుగుతుంది, ఎర్రబడితే మూగబోతుంది. కొందరి ఇంట్లో కుక్క మొరుగుతుంది, కొందరి ఇంట్లో తలుపు కిర్రుమంటుంది, ఈ ఇంట్లో తీగ మాట్లాడుతుంది. అంతకుమించి ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

"మనిషి వంద మాటలంటే అందులో పువ్వుకి చిక్కేది ఒకటి. తగువుకి ఆ ఒక్కటీ చాలు" అంటాడు సదాశివరావు. ఆయన అన్నపూర్ణేశ్వరి కొడుకు, ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. బదిలీల సంగతి పెరట్లో ఎత్తడు. ఆయన భార్య ఉమారాణి పొద్దున్నే ఆఫీసు క్యాబులో గుర్‌గావ్ వెళ్తే రాత్రికి గానీ రాదు. కాబట్టి పగలంతా ఇంట్లో ఉండేది అన్నపూర్ణేశ్వరి, తీగ.

మార్కెట్‌లో బాంబు పేలిన మరుసటి ఏడాది అది. దిక్కులేని సంచీ కనబడితే ముట్టుకోకండి, అనుమానం వస్తే చెప్పండి అని మైకులో హిందీలో చెబుతూనే ఉండేవాళ్ళు. ఆ మాట క్వార్టర్ల దాకా వినిపించేది. మనుషులు సంచుల్నే కాదు, ఒకర్నొకరు కూడా అలాగే చూసుకునేవాళ్ళు.

గోడకి అవతలి క్వార్టర్లోకి ఆ ముందు చలికాలంలో జయశీల కుటుంబం వచ్చింది. జయశీల ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. భర్త సిలాసు అక్కడే ల్యాబులో పనిచేస్తాడు. వాళ్ళది నరసాపురం. కూతురు జెనీఫర్ ఢిల్లీలోనే పుట్టింది, తెలుగులో తిడితే హిందీలో జవాబిస్తుంది. పక్కింట్లో గోదావరి యాస వినపడగానే జయశీల ప్రాణం లేచొచ్చింది. డ్యూటీకి వెళ్తూ వెళ్తూ, "మామ్మగారూ, చెయ్యి ఇలా ఇవ్వండి" అని రోజూ అన్నపూర్ణేశ్వరికి బి.పి. చూసేది. ఒక్కోరోజు పట్టీ విప్పకుండానే మందలించేది.

"మాత్ర సగం చేసి వేసుకున్నారు కదూ?"

"సగానికే తగ్గుతుంటే మొత్తం ఎందుకమ్మాయ్, దండగ?"

"తగ్గలేదు. మీ తీగ వినేలా చెప్పమంటారా?"

"వద్దు తల్లీ. మా వాడొచ్చే వేళకి అదే అందుకుంటుంది."

తర్వాత కాఫీ వచ్చేది. అన్నపూర్ణేశ్వరికి మడి ఉంది. జయశీలకి కాఫీ ఇచ్చే గ్లాసు అంచు సొట్టపోయినది, కడిగాక వంటింట్లోకి వెళ్ళదు, వెనక కిటికీలోనే బోర్లించి ఉంటుంది. జయశీల అది చూసింది. చూడనట్టే తాగింది.

చలి తగ్గాక జయశీల ఒక కొమ్మ అడిగింది. అన్నపూర్ణేశ్వరి మనసారా ముదురు కొమ్మే కోసిచ్చింది. ఎండిపోయింది. రెండోదీ, మూడోదీ అంతే.

"అడిగి తీసుకున్న కొమ్మ బతకదమ్మాయ్. నేను అటు తిరుగుతాను, నువ్వు చటుక్కున తెంపుకుపో."

"దొంగతనమా మామ్మగారూ! మా పాస్టరుగారికి తెలిస్తే ఆదివారం ప్రసంగమంతా నా మీదే."

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ గోడకి అటూ ఇటూ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "చచ్చే కొమ్మలే ఏరి ఇస్తుందేమో చూడు" అన్నాడు సిలాసు. "ఆసుపత్రి చేతులు కదా, మందుల వాసనకి వేరు పట్టడం లేదేమో" అనుకుంది అన్నపూర్ణేశ్వరి.

వానలు పడ్డాక ఆవిడ ఇంకో ఉపాయం చేసింది. కొమ్మ కోస్తే బతకడం లేదు కనక, కొయ్యకుండానే వేరు తెప్పించాలి. పెన్సిలు లావున్న పొడుగాటి తీగని కిందకి వంచి, కణుపు కింద బెరడు గీకి, ఎరువు కలిపిన మట్టికుండీలో ఆ గీకిన చోటు పాతి, పైకి రాకుండా ఇటుక పెట్టింది. తీగ కొస కుండీలోంచి లేచి గోడెక్కి అవతలికి దిగింది. తల్లి పాలు తాగుతూనే పిల్ల తన కాళ్ళ మీద నిలబడటం నేర్చుకుంటుంది. వేరు పట్టాక కోసేస్తే వేరే మొక్క. గోదావరి జిల్లాల్లో దాన్ని నేల అంటు అంటారు. ఉత్త అంటు అన్నా అదే.

"పక్కింటి అమ్మాయి కోసం. దసరా వెళ్ళాక కోసిస్తాను. దానికి చెప్పకు" అంది కొడుకుతో.

"చెబితే ఏమవుతుంది?"

"ఎవరికి ఇవ్వబోతామో వాళ్ళకి తెలిస్తే అంటు పట్టదు. మా అమ్మ చెప్పేది."

చిక్కల్లా ఏమిటంటే, కుండీ పెట్టింది సదాశివరావు స్కూటరు పెట్టుకునే చోట. ఆయన ఆఫీసు నుంచి వచ్చేదీ, మొగ్గలు విచ్చుకునేదీ ఒకే వేళ. వెనక గేటు చప్పుడైతే చాలు, అన్నపూర్ణేశ్వరి వరండాలోంచి కేకేసేది.

"ఒరే, అటు పోకు! అంటు! అంటు ముట్టుకోకు!"

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, దండెం మీద బట్టలు తీస్తున్న జయశీల చెవి పక్కన ఒక తెల్ల పువ్వు "అంటు" అంది.

జయశీల ఆగిపోయింది.

గాలి వచ్చింది. "ముట్టుకోకు" అంది పక్క పువ్వు. "అంటు" అంది ఇంకోటి. గొంతు మామ్మగారిదే. నరసాపురంలో చిన్నప్పుడు స్నేహితురాలి ఇంట్లో దాహమడిగితే, ఆ పిల్ల నాయనమ్మ చెంబు పైకెత్తి దోసిట్లో నీళ్ళు పోస్తూ అన్న మాట అది. మళ్ళీ ఇన్నేళ్ళకి, ఇంత దూరంలో, పువ్వులోంచి.

"ఏమైంది మమ్మీ?" అంది జెనీఫర్.

"ఏం లేదు. లోపలికి పద."

"అంటు అంటే క్యా హోతా హై?"

"నీకెందుకు!"

మర్నాడు పొద్దున అన్నపూర్ణేశ్వరి బల్ల మీద చెయ్యి చాపుకుని కూర్చుంది. జయశీల ముందు తలుపు తీసుకుని నేరుగా బస్టాపుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి రోజూ అంతే. అన్నపూర్ణేశ్వరి చెయ్యి చాపడం మానేసింది.

"ఏం పొగరు! ఒక మాట చెప్పి మానెయ్యచ్చుగా" అంది కొడుకుతో.

"ఏదో మనసులో పెట్టుకున్నారమ్మా. మన ఫోను మాటలు వింటున్నారేమో కూడా. నాకు మొదట్నించీ అనుమానమే" అన్నాడు సదాశివరావు. ఆయనకి అన్నిటి మీదా మొదట్నించీ అనుమానమే. "పోనీ, డాక్టరు దగ్గరకి వెళ్దాం పద. తల దిమ్ముగా ఉందంటున్నావుగా."

"ఆ అమ్మాయే వచ్చి చూస్తే చూపించుకుంటాను. డాక్టర్లకి నా చెయ్యి ఇవ్వను."

మాత్ర మళ్ళీ సగమైంది. అడిగేవాళ్ళు లేక, ఆ సగం కూడా ఒక్కోరోజు డబ్బాలోనే ఉండిపోయింది.

అక్కణ్ణించి గోడ రెండు వైపులా చెవులు పెట్టుకోవడమే పనైంది. జయశీల సాయంత్రం స్టూలు వేసుకుని పువ్వుల దగ్గర నిలబడేది. ఇవాళేమంటుందో విందాం అని. "ముట్టుకోకు." "అంటు." ఒకరోజు "కోసెయ్యాలి." ఆ మాటకి ఆవిడ రాత్రి అన్నం తినలేదు.

ఇవతలి పువ్వులూ ఊరుకోలేదు. ఒకటి జెనీఫర్ గొంతుతో, ముసల్దని హిందీలో, "బుఢియా" అంది. ఇంకోటి సిలాసు గొంతుతో "వైశాలి" అంది. మర్నాడు మళ్ళీ "వైశాలి".

అన్నపూర్ణేశ్వరి కొడుకుని పక్కకి పిలిచింది. "ఒరే, ఆ సిలాసుకి వైశాలి ఎవర్రా?"

"ఏంటమ్మా?"

"పెళ్ళయిన మగాడు పెరట్లో నిలబడి రోజూ ఓ ఆడపిల్ల పేరు జపిస్తుంటే ఏమనుకోవాలి? పాపం ఆ అమ్మాయి ముఖం చూడలేకే మన ఇంటికి రావడం మానేసిందేమో."

"అమ్మా, వైశాలి అంటే ఘాజియాబాద్ వైపు కాలనీ. అక్కడ ఇల్లు చూసుకుంటున్నారన్నమాట. అందుకే ముఖం చాటేశారు. నేను చెప్పలా?"

అన్నపూర్ణేశ్వరి కుండీ వంక చూసింది. "ఇంకా వేరు పట్టలేదే" అంది.

నిజంగానే సిలాసు ఇల్లు మాట్లాడుతున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక వెళ్ళి ఖాయం చేసుకోవాలనుకున్నారు. "మన గౌరవం మనం చూసుకోవాలి. ఆవిడ చెయ్యి పట్టుకుని ఇన్నాళ్ళు చూశావు, చివరికి ఏమంది?" అన్నాడు. ఆ చేతి నాడి ఎంత గట్టిగా కొట్టుకునేదో జయశీల వేళ్ళకి ఇంకా గుర్తుంది. అదే ఆమెకి కోపం.

శుక్రవారం సాయంత్రం సదాశివరావు ఆఫీసులో ఏదో ఫైలు దగ్గర చిక్కుకుపోయాడు. ఇంట్లో అన్నపూర్ణేశ్వరి ఒక్కతే. నీళ్ళచెంబు పట్టుకుని పెరట్లోకి వచ్చి, కుండీ దగ్గర కూర్చుని, పాతిన తీగని రెండు వేళ్ళతో మెల్లగా లాగి చూసింది. ఊడి రాలేదు. లోపల్నుంచి ఏదో పట్టుకుని ఉంది. ఆవిడ ముఖం వెలిగింది. ఇంట్లో ఎవరూ లేరు కనక తీగతోనే చెప్పుకుంది.

"అంటు పట్టింది. అంటు…"

పైన మొగ్గలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి.

జయశీల వచ్చేసరికి గోడ అవతల చప్పుడు లేదు. స్టూలెక్కింది. గుత్తిలో మొదటి పువ్వు తెల్లగా, తాజాగా ఉంది. గాలికి ఊగి "అంటు" అంది.

"ఇవాళ కూడా మొదలెట్టారు" అనుకుంది జయశీల.

రెండోది "అంటు" అంది, కాస్త సాగదీసి.

మూడోది "అంతు" అంది.

ఇప్పుడు ఎక్కిరింపు కూడానా అనుకుంది. పళ్ళు కొరుక్కుంది. నాలుగో పువ్వుకి గాలి తగల్లేదు. జయశీల తనే ఊదింది. అది "అందు" అంది, నోట్లో దూది పెట్టుకుని మాట్లాడినట్టు.

జయశీల కోపం ఉన్నచోటే నిలిచిపోయింది. 'ట' అనాలంటే నాలుక మడతపడాలి. మడతపడని నాలుకలు ఆమె వార్డులో రోజూ వింటుంది.

"మామ్మగారూ!"

జవాబు లేదు.

"సిలాసూ! ఆటో పిలువు! జెన్నీ, ఈ స్టూలు పట్టుకో!"

"మమ్మీ, క్యా కర్ రహీ హో?" అని జెనీఫర్ అరుస్తుండగానే జయశీల గోడెక్కి అవతలికి దూకింది. చీర కొంగు తీగకి చిక్కుకుని చిరిగింది. కాలు తగిలి కుండీ ఒరిగింది, ఇటుక పక్కకి పడింది.

అన్నపూర్ణేశ్వరి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చెంబు దొర్లిపోయింది. నోరు ఒక పక్కకి జారింది.

"నావైపు చూడండి. నవ్వండి మామ్మగారూ. రెండు చేతులూ ఎత్తండి."

ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది. జయశీల రెండు చేతులూ ఆవిడ చంకల కింద పెట్టబోయింది. అన్నపూర్ణేశ్వరి చూపు ఆ చేతుల మీద పడింది, తర్వాత పక్కకి ఒరిగిన కుండీ మీద పడింది. పెదాలు కదిలాయి.

"ముట్టుకో…"

అక్కడితో ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే గోడ మీద చివరి మొగ్గ విచ్చుకుంది.

ఆసుపత్రిలో ఆ రోజు డ్యూటీలో ఉన్నది కుర్ర డాక్టరు. స్కానులో రక్తనాళం చిట్లలేదు, గడ్డ అడ్డుపడిందని తేలింది. గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ మాట పడిపోయి ఎంతసేపైందో తెలియకుండా ఇవ్వకూడదు. ఆలస్యమైపోయి ఉంటే అదే ప్రాణం తీస్తుంది.

"సిస్టర్, ఎప్పుడు మొదలైంది? ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూడలేదు సార్. పువ్వులు విన్నాయి. మొదటిది సరిగ్గానే అంది. మూడోదానికి మాట తప్పింది."

డాక్టరు కలం ఆపాడు. "ఆ సరోజినీ నగర్ రాధామనోహరమా?"

"అవును సార్."

"తెల్లవా, గులాబీవా?"

"తెల్లవే. అప్పుడే విచ్చుకున్నవి."

"పక్కా?"

"నేను స్టూలెక్కి దగ్గరగా విన్నాను సార్. రోజూ వింటాను."

"అచ్ఛా. ఠీక్ హై. అయితే టైముంది" అని రాసుకుని, ఇంజెక్షన్ తెమ్మన్నాడు.

సదాశివరావు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి జయశీల బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది, చిరిగిన కొంగు ఒళ్ళో పెట్టుకుని. ఆయనకి విషయమంతా చెప్పింది. ఆయన రెండు చేతులూ జోడించాడు. పక్క కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు జయశీలే అడిగింది.

"సార్, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మగారు రోజూ అంటు అంటు అంటారు కదా. ఎవర్ని?"

"ఎవర్నేంటండీ? అది కుండీ."

"కుండీయా?"

"నేల అంటు. మీ కోసమే కట్టింది. మీకు తెలిస్తే వేరు పట్టదని చెప్పనివ్వలేదు. నేను స్కూటరు దాని మీద పెడతానని ఆ కేకలు."

జయశీల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. "అంటంటే మామిడికే కడతారనుకున్నాను. తీగకి కూడా కడతారని నాకేం తెలుసు సార్?" అంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మరి ఆ సొట్ట గ్లాసు?"

సదాశివరావు తల దించుకున్నాడు. "అది కుండీ కాదండీ" అన్నాడు.

"తెలుసు" అంది జయశీల.

ఆదివారం వాళ్ళు వైశాలి వెళ్ళలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా వెళ్ళలేదు. ఎందుకని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

అన్నపూర్ణేశ్వరి బతికింది. కుడి కాలు ఈడుస్తూ నడవగలిగింది. మాట కూడా చాలావరకు తిరిగొచ్చింది, 'ట' కూడా వచ్చింది. ఒక్కటి మాత్రం రాలేదు. ఏ మాటకైనా చివరి అక్షరం జారిపోయేది. "తేకు" అనబోతే "తే" అనేది, కోడలు తెచ్చేది. "పెట్టకు" అంటే "పెట్ట" అని ఆగేది. కాకుల్ని తోలబోయి "వాలకు" అనలేక "వాల" అంటే, అవి నిజంగానే వాలేవి.

గోడ మీది చివరి పువ్వు గురించి మాత్రం ఇంట్లో వాదన తెగలేదు. ఆ సాయంత్రం స్టూలు పట్టుకుని నిలబడిన జెనీఫర్ ఒక్కతే దాన్ని విన్నది. "దాదీ 'ముట్టుకో' అంది. మీన్స్ టచ్ కరో, నా?" అంది. మర్నాటికి అది గులాబీ అయింది, ఆపైన ఎర్రబడింది. ఇంక సాక్ష్యం లేదు.

"ఆ పిల్ల తెలుగుని నమ్ముతామా? అమ్మ 'ముట్టుకోకు' అనే ఉంటుంది. కుండీనో, తననో. 'కు' పడిపోయింది, అంతే" అన్నాడు సదాశివరావు.

"మీకన్నీ అనుమానాలే" అంది ఉమారాణి.

"నువ్వే చెప్పమ్మా. ఏమన్నావు?"

అన్నపూర్ణేశ్వరి పని చేసే సగం పెదవితో నవ్వింది. ఆ నవ్వుని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

దసరా వెళ్ళింది. అన్నపూర్ణేశ్వరి కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో చూపిస్తుంటే జయశీల కత్తి పట్టింది. ముందు సగమే కోయించింది. ఆకు వాడలేదని చూసుకున్నాక, కొన్నాళ్ళకి మిగతా సగం. ఆసుపత్రి చేతులతో కోసిన అంటు అవతలి పెరట్లోకి వెళ్ళింది. చలికి ఆకులన్నీ రాల్చి పుల్లలా నిలబడింది. "ఇదీ చచ్చింది" అన్నాడు సిలాసు. ఎండలు ముదిరాక ఎర్రటి చిగుళ్ళు వేసింది, గోడెక్కింది, మొగ్గ తొడిగింది.

మొదటి మొగ్గ విచ్చుకునే రోజున అందరూ జయశీల పెరట్లో చేరారు. ఎవరి మాట దానికి చిక్కుతుందోనని ఎవరూ నోరు విప్పలేదు. సదాశివరావు దగ్గు కూడా ఆపుకున్నాడు. అన్నపూర్ణేశ్వరి స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె చేతిలో జయశీల ఇంటి గాజుగ్లాసు, అందులో సగం తాగిన టీ. ఆ ఇంట్లో అందరూ తాగే గ్లాసుల్లో ఒకటి.

మొగ్గ కదిలింది. జెనీఫర్ వంగి దాని మీద వేలు పెట్టబోయింది. అన్నపూర్ణేశ్వరి పాత అలవాటుకొద్దీ గట్టిగా కేకేసింది. పువ్వు విచ్చుకుంది. గాలి తగిలింది.

"ముట్టుకో" అంది పువ్వు, స్పష్టంగా, ఆవిడ గొంతుతో.

అందరూ అన్నపూర్ణేశ్వరి వైపు చూశారు. ఆవిడ సరిదిద్దలేదు. టీ తాగుతూ కూర్చుంది.

జయశీల చెయ్యి చాపి పువ్వుని ముట్టుకుంది. తర్వాత ఆ చేత్తోనే ఆవిడ మణికట్టు పట్టుకుని, నాడి చూసింది.